సున్నా కూడా రాయాలి

నాలుగు మిల్లీమీటర్లు.
కొలిచింది నేనే, మూడుసార్లు,
ఎస్వీ యూనివర్సిటీ జువాలజీలో
కిటికీ పక్క మైక్రోస్కోపు కింద,
ఎగిరిపోతుందేమోనని ఫ్యాను ఆపేసి.

గూడు కట్టదు. గాలిలో వేలాడదు.
చీపురుకు దొరికే ఇంటి సాలీడు కాదిది.
రాలిన చందనం ఆకుల కింద
రాత్రిపూట నేలమీదే ఉరికి
నేలమీదే తిని
నేలమీదే చచ్చిపోతుంది.
దాని లాటిన్ పేరు దానికంటే పొడుగు.
తెలుగులో పేరేంటని మునెమ్మనడిగితే
"పేరెందుకు మేయ్, పిలిస్తే పలకతాదా?" అనింది.

చెంబేటి మునెమ్మ. మామండూరు పక్క ఎస్టీ కాలనీ.
ఎలక బొరియేదో, పాము బొరియేదో
వంగి చూడకుండానే చెబుతుంది.
మా ప్రాజెక్టు లెక్కలో రోజుకూలీ.
తను గుంట తీస్తుంది, నేను టీ కప్పు దించుతాను,
వేలితో తడిమితే
నేల ఎక్కడ ఆగిందో, కప్పు ఎక్కడ మొదలైందో
తెలియకూడదు.
ఉప్పునీళ్లు పోసి, మూడు గులకరాళ్ల మీద
పలకరాయిని గొడుగులా నిలిపి
వారం వదిలేస్తాం.

సంచిలో రెండొందల కప్పులు, ఒక గడ్డపార.
కరకంబాడి దగ్గర ఫారెస్టోళ్లు ఆపారు.
"చందనానికేనా?"
"సాలీళ్లకు సార్."
నవ్వలేదాయన. పర్మిషన్ కాగితం వెనకా ముందూ చూసి
"కిలో ఎంత?" అన్నాడు.

సీసాలో వేసే చీటీ పెన్సిల్‌తోనే రాయాలి.
ఇంకయితే స్పిరిట్‌లో కరిగి ఊరి పేరు పోతుంది,
ఊరు పోయిన సాలీడు దేనికీ సాక్ష్యం కాదు.
ఊరు, తేదీ, పట్టింది ఎవరు.
మూడో వరసలో 'చెం. మునెమ్మ' అని రాశాను.
భూతద్దం కింద చూపిస్తే
"ఇంత సన్నంగానా నేను?" అనింది.

చంద్రగిరి కోట వెనక వాలు: ఆడవి రెండు, మగది ఒకటి.
మగదాని ముందు చేతుల చివర వంకీ చూసేదాకా
ఇదేనని ఒట్టేసి చెప్పలేను.
తలకోన దారి: అన్నీ పిల్లలు.
పిల్లల్ని బట్టి జాతి చెప్పకూడదు.
నగరి కొండ: ఒకటి, రెండు కాళ్లు లేవు.
దామలచెరువు మామిడితోట: పన్నెండు కప్పుల్లో
చీమలు, ఒక తేలుపిల్ల, మందు వాసన.
సున్నా.

"ఏమీ లేనిదానికి చీటీ ఎందుకు?"
వెతికాం కాబట్టి మునెమ్మా.
పలమనేరు నుంచి కుప్పం దాకా మ్యాపంతా తెల్లగా ఉంది చూడు,
అది సున్నా కాదు.
అటు మనం పోలేదు. ఛార్జీల డబ్బు అయిపోయింది.
లేకపోవడమూ చూడకపోవడమూ
మ్యాపు మీద ఒకే తెలుపు.

డిపార్ట్‌మెంటు బీరువాలో ఒక పాత సీసా.
ఎవరి చేతిరాతో తెలీదు:
'తిరుచానూరు రోడ్డు, చెరకుతోట గట్టు, వాన వెలిసినాక.'
ఆ గట్టు ఇప్పుడు కల్యాణమండపం.
ముహూర్తాల రోజు, వాచ్‌మన్‌కు నచ్చజెప్పి
జనరేటరు షెడ్డు వెనక టార్చి వేశాం.
పగిలిన టైల్సు, వాడిన బంతిపూలు, విస్తరాకులు.
మునెమ్మ ఒక టైలు ఎత్తింది.

అదే.
మినపగుండంత తెల్లటి గుడ్ల సంచి మీద
బల్లపరుపుగా పడుకొని ఉంది ఆడది.
వెలుగు పడినా కదల్లేదు.
నా చేతిలో సీసా మూత తీసే ఉంది.
అవతల నాదస్వరం ఒక్కసారిగా హెచ్చింది.

"బాలింత" అని
మునెమ్మ టైలు మళ్లీ మూసేసింది.
నన్నడగలేదు.

నమూనా లేనిది రికార్డు కాదు,
ఆ నియమం నేనే తనకు చెప్పాను.
మ్యాపులో అక్కడ చుక్క పెట్టలేక
ప్రశ్నార్థకం పెట్టాను.
గైడు గారు ఎర్రపెన్నుతో కొట్టేశారు.
మళ్లీ పెట్టాను, పెన్సిల్‌తో.

వచ్చే నెల అక్కడ సిమెంటు పోస్తారట.
"ఇంకా ఉండాదంటావా?" మునెమ్మ.
తెలీదన్నాను.
"పోయి చూడకుండా యాడ తెలస్తాది"
గడ్డపార భుజానేసుకొని
అప్పటికే బస్టాపు వైపు సగం దూరంలో ఉంది.