మంద పడుకున్న చోటు

గోడకు ఉప్పు పట్టి రాలుతోంది, మేకు నిలవలేదు.
ఆసియా పటాన్ని మాళింగ చేతికిచ్చి
పట్టుకుని నిలబడమన్నాను.
వాడి రెండు చేతుల మధ్య
పసిఫిక్ నుంచి కాస్పియన్ దాకా
ఒక మనిషి గుర్రం దిగకుండా గెలిచిన నేల.

చెప్పాల్సిందంతా చెప్పాను.
తండ్రికి ఎవరో విషం పెడితే
ఎలుకల్ని తిని బతికిన పిల్లవాణ్ని,
ఊళ్ళకు ఊళ్ళు లేకుండా పోవడాన్ని,
లెక్కపెట్టి పేర్చిన పుర్రెల గుట్టల్ని,
గుర్రం మార్చుకుంటూ గాలికంటే ముందు పోయే టపాని,
బంగారు పళ్ళెం నెత్తిన పెట్టుకుని
ఆడపిల్ల ఒంటరిగా పోవచ్చన్న దారుల్ని.
అన్నీ ఒక్క చేతి పనే అనేటప్పుడు
నా గొంతు కొంచెం తడబడింది.
రెండు మార్కులకైతే ఏది రాయాలి సార్
అంది ముందు బెంచీ.

పటం వెనకనుంచి మాళింగ:
"వాళ్ళకు జీవాలు ఎన్నుండె సార్?"

పుస్తకంలో లేదు.
గొర్రెబొచ్చు తడిపి, తొక్కి
గుడారాలు చేసుకునేవాళ్ళట, అదొక్కటే తెలుసు.
పటం కిందికి జారింది, వాడి మొహం పైకి తేలింది.
"అయితే మావోళ్ళే."
ముందుకొచ్చి బొటనవేలు ఆనించాడు.
"మేత ఈడనా సార్ ఉండేది?"

సాయంత్రం వాడి వెంట
కంబదూరు దాటి గుట్ట కిందికి పోయాను.
మైలారప్ప తాత కంబళి పరిచాడు.
చింతగింజల గంజి వాసన, పాల వాసన.
గుట్ట మీద కోట ఎవరిదంటే
ఎవుడో నాయకుడంటప్పా అన్నాడు.
దాని బురుజు రాళ్ళు ఊళ్ళో ఇంటింటి గడపలయ్యాయి.
మిగిలిన మూలలో
ఈనిన గొర్రెలు వానకు తలదాచుకుంటాయి.

"శానా మందిని సంపినాడంటనే నీ రాజు.
యాడ పూడ్చినారు?"

తెలీదన్నాను.
ఆనవాలు మిగలకుండా
సమాధి మీద వెయ్యి గుర్రాల్ని తోలారంటారు.

తాత వక్కాకు దంచుకున్నాడు.
చాలాసేపు రోలు చప్పుడే.

"మేమూ తోలతాం కదప్పా.
ఈ పొద్దు ఈ చేన్లో మంద, రేపు పక్క చేన్లో.
తొక్కిన సోట రైతు గింజేస్తాడు.
ఆ ఏడు శెనక్కాయ దిట్టంగా కాస్తాది.
ఎవురి మందో గింజకేం తెలుసు."

నాకు మా పెదనాయన గుర్తొచ్చాడు.
ధర్మవరం దారిలో ఒక వీధి ఉంది,
ఆయన పేరు చెబితే ఇప్పటికీ
లోపల గడియ పడుతుంది.
ఆయన సమాధి పాలరాతిది.
ఏటా మేమే కడుగుతాం.
చుట్టూ రెండు సెంట్లలో
ఇంతవరకు ఎవరూ ఏమీ నాటలేదు.

ఇదేదీ తాతకు చెప్పలేదు.
జొన్నరొట్టె పెడితే తిని వచ్చేశాను.

మర్నాడు పటం చుడుతుంటే కనబడింది:
ఎక్కడుందో ఎవరికీ తెలీని ఆ సమాధి
ఉండొచ్చంటున్న కొండల దగ్గర
బొటనవేలి మరక, గొర్రెబొచ్చు జిడ్డు.
గుడ్డ తీసుకున్నాను.
మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.