అగ్గిపెట్టె: ఒకటి

అటర్‌క్లిఫ్ రోడ్డు మీద,
కత్తులూ చెంచాలూ చేసే ఖార్ఖానా మూతపడ్డ మేడపైన
మా ఆఫీసు.
వాన పడితే మెట్లలోంచి ఇంకా ఇనుప వాసన లేస్తుంది.
షెఫీల్డ్‌లో వాన పడని రోజుల్ని
వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

యుద్ధం ఆగి పదకొండు వారాలు.
ఆ లోయ పేరు పలకడం మాలో ఎవరికీ సరిగ్గా రాదు,
దాని బడ్జెట్ మాత్రం కంఠతా వచ్చు.
ఇళ్లు: నాలుగు వేల రెండొందలు.
పొయ్యిలు: నాలుగు వేల రెండొందలు.
పుల్లలు తక్కువ, పొగ అసలే ఉండదు,
ఆడవాళ్ల ఊపిరితిత్తులకు మేలు అని
మూడో పేజీలో నేనే రాశాను.
నాకు నచ్చిన పేజీ అది.

సలహాకని ఉబాహ్‌ను పిలిచాం.
ఆ లోయలోనే పుట్టింది,
ఇప్పుడు బర్న్‌గ్రీవ్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం వడ్డిస్తుంది.
రెండు గంటలకు ముప్ఫై పౌన్ల కూపను, బస్సు చార్జీ.
జేబు అంచున పసుపచ్చని కస్టర్డ్ మరక.

గారెత్ తెర మీద బాణాలు చూపించాడు,
ఈ గడిలోంచి ఆ గడికి, అక్కణ్నుంచి కిందికి,
నవంబరుకల్లా ప్రతి ఇంటా మంట.
ఆమె చివరిదాకా విని
ఒక్కటే అడిగింది:
"మొదట ఎవరు వెలిగిస్తారు?"

మాకు అర్థం కాలేదని ఆమెకు అర్థమై
మెల్లగా చెప్పింది.
మా వైపు చావు జరిగిన ఇంట్లో నిప్పు రాజెయ్యరు.
పక్కింటివాళ్లు వండి తెస్తారు,
తినమని బతిమాలతారు,
చివరికి వాళ్లే వచ్చి పొయ్యి ముట్టిస్తారు.
చావు తగలని చెయ్యి కావాలి దానికి.
ఇప్పుడు లోయ మొత్తం ఒకటే చావిల్లు.
పక్కిల్లు ఏది?

హీటరు టిక్కుటిక్కుమంది.
"రిస్క్ పట్టికలో చేరుద్దాం" అన్నాడు గారెత్.
చెడ్డవాడేం కాదు,
రెండు యుద్ధాల్లో పిండిబస్తాలు మోసినవాడు.
సంస్కృతి అన్న గడి ఖాళీగా ఉంటే
'మధ్యస్థం' అని నింపాడు.

నాకు అమ్మమ్మ గొంతు వినపడింది.
డెబ్భై ఏడు ఉప్పెన.
దివిసీమలో ఆమె ఊరు.
నీరు తీశాక ఎనభై గడపల్లో మిగిలింది పధ్నాలుగు మంది,
ఎవరికి ఎవరి మైల?
బియ్యం మూటలొచ్చాయట, గిన్నెలొచ్చాయట,
మూడు రోజులు మూటలు మూటల్లాగే ఉన్నాయట.
నాలుగోనాడు ఎగువనుంచి ఎవరో ఒకామె
(పేరు అడగాలని ఎవరికీ తోచలేదు)
మూడు రాళ్లు పెట్టి, తడి పుల్లలు ఊది ఊది
గంజి కాచింది.
"కళ్లు మండింది పొగకే అనుకున్నాం"
అనేది అమ్మమ్మ. అంతకు మించి
ఎప్పుడూ చెప్పలేదు.

ఆ కథ నేనక్కడ చెప్పలేదు.
మైలకు ఇంగ్లీషు మాట వెతుక్కునేలోపు
మీటింగు పదో అంశానికి వెళ్లిపోయింది.
ఉబాహ్ ఒకసారి నావైపు చూసింది.
నాకేదో తెలుసని ఆమెకు తెలిసిందో,
గడియారం నా తల వెనకే ఉందో.

"కొంచెం పొగ రావాలి" అంది, కోటు తొడుక్కుంటూ.
"కొండమీద దాక్కున్నవాళ్లకి కనపడాలి కదా,
కింద ఎవరో వండుతున్నారని."

మూడో పేజీని నేను తిరగేసి పెట్టాను.

పిల్లలకు రెండో విడత వడ్డన ఉందని
పరుగున మెట్లు దిగింది.
కూపను బల్లమీదే మరచిపోయింది.
మరచిపోయిందనే అనుకుందాం.

ఆ రాత్రి ప్రణాళికలో ఒక వరస చేర్చాను:
పరాయి మనిషి, ఒకరు.
వంట వచ్చి ఉండాలి.
ఆ లోయలో తనవాళ్లెవరూ పోయి ఉండకూడదు.
దాని కింద,
అగ్గిపెట్టె: ఒకటి.

పొద్దున్న చూస్తే
అచ్చుతప్పనుకుని గారెత్
ఒకటి పక్కన మూడు సున్నాలు పెట్టాడు.
శుక్రవారం గడువు.
నేను చెరుపుతున్నాను, అతను చేరుస్తున్నాడు,
ఇద్దరం ఎంతో మర్యాదగా.