డొల్ల

నాది కొట్టి వినే పని.
చేతిల సన్నటి ఉక్కుపుల్ల, దాని కొసకు గోలీకాయంత గుండు.
కొనేటోళ్ళు కాలు పెట్టకముందే కొత్త ఇంట్ల నేను దూరుత,
వంగి పలక పలకనూ తట్టుకుంట పోత.
నిండుగ ఉంటే టక్కుమని ఊకుంటది.
కింద సిమెంటు అందకపోతే
ఎండిన సొరకాయ లెక్క పలుకుతది.
దాని మీద ఎర్ర చుక్క అతికిస్త.
అదే నా సంతకం.

ఇయ్యాల సత్వాల, ఏడో అంతస్తు.
ఒక పడకగది, ఒక హాలు, ఒక కుర్సీ పట్టేంత బాల్కనీ,
పదకొండు లక్షల దిర్హములు.
అమ్మే కాయితం మీద బంగారు అక్షరాలు:
పాత పేటకు కొత్త ఊపిరి.

పాత ఊపిరి ఎట్లుండెనో నన్నడగాలె.
వెల్లుల్లి తాలింపు, ఆరని బనీన్లు,
ఏసీ కింద పెట్టిన బకెట్ల చుక్క చుక్క.
ఒక్క రూముల పదకొండు మందిమి.
రాత్రి డ్యూటీవాడు వచ్చి ఒరిగితే
పగటి డ్యూటీవాడు లేచి పోయేది,
పరుపు ఎన్నడూ చల్లారలే.

ఒకనాడు మునిసిపాలిటీవాళ్ళు గోడల మీద నంబర్లేసిండ్రు.
మాది అరవై ఒకటి.
కోరుట్ల ముత్తెన్న, పలకలు పరిచే మేస్త్రీ,
దాని కింద బొగ్గుతోని రాసిండు:
"మంచి ఇల్లు. గాలి లేదు, మనుషులున్నరు.
ధర మాట్లాడుకోవచ్చు."
నెల తిరగకముందే బుల్డోజర్ వచ్చి మాట్లాడింది.
ముత్తెన్న అజ్మాన్ పోయిండన్నరు, మస్కట్ అన్నరు.
నంబరు మారింది.

కిటికీల నుంచి మసీదు మినారు ఆనవాలు పట్టిన.
దాని ఎడమ పక్కకు మా రూము.
అంటే ఈ హాలు కిందనే ఎక్కడో,
ఏడంతస్తుల లోతున.

కొనే ఆమె వచ్చింది. మార్తమ్మ, తెనాలి దిక్కు,
ఇరవై రెండేళ్ళు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు.
తలుపు కాడనే చెప్పులిడిచింది,
ఇంకా తనది కాని ఇంట్ల.
"ఏదీ, ఎట్టా వింటావో చూపించు" అని
నా పక్కన గొంతుక్కూచుంది.
ఎడమ వేలు పలక మీద ఆనించి
కుడి వేలుతో దాని మీద తట్టింది.
"డాక్టర్లు ఛాతీ ఇట్టాగే చూస్తారయ్యా.
నీరు చేరితే మొద్దుగా ఉంటది,
గాలి చేరితే డప్పు."

కిటికీ పక్క పలక కాడ ఇద్దరం ఒకేసారి ఆగినం.
డప్పు.

ఎవడో షిఫ్టు ఆఖరి పది నిమిషాల్ల పరిచి ఉంటడు,
కింద కంపెనీ బస్సు హారన్ కొడుతుంటే.
వానికి నడుము నొస్తుండచ్చు.
ముత్తెన్న అయితే తీసి మళ్ళ పరిచేది,
బస్సు పోయినా సరే.

"ఒక్కటే మేడమ్, పెద్ద తప్పు కాదు" అన్న.
"చుక్క కాస్త పెద్దది పెట్టు" అంది,
"బేరానికి పనికొస్తది."

సంచిల నుంచి ఉడకేసిన పల్లీలు తీసింది.
పొట్టు కిందపడకుండ దోసిట్ల పట్టుకొని తిన్నం.
మాట మీద మాట వచ్చి రూము సంగతి చెప్పిన.
"మంచానికి ఎంత కట్టేవాళ్ళు?"
"నెలకు నాలుగు వందలు."
ఆమె కండ్లు మూసి లెక్క కట్టింది,
సెలైన్ చుక్కలు లెక్కపెట్టే అలవాటేమో, తొందరగనే తేలింది.
"అడుగు లెక్కన చూస్తే
నాకంటే మీరే ఎక్కువ కట్టారయ్యా ఈ చోటుకి."

దానికి ఏమనాల్నో నాకు తెల్వలే.
రిపోర్టుల రాసిన:
హాలు, కిటికీ పక్క, ఒకటి.
ఉక్కుపుల్ల సంచిల పెట్టుకున్న.

లిఫ్టు వచ్చిందాక వినబడుతనే ఉంది
లోపల మార్తమ్మ వేళ్ళతోని
ఒక్కొక్క పలకనే తట్టుకుంట
మొదటి నుంచి మళ్ళ పోతున్న చప్పుడు,
నా మీద నమ్మకం లేక కాదు,
ఎవరి తలుపో కొడుతున్నట్టు, మెల్లగ.