నికర బరువు

మొదటి దెబ్బకే ఉలి మొక్కబోయింది.
చెక్కల ఇంకా సిమెంటు ఉంది.
ఎవరింటి స్లాబు మోసిన సెంట్రింగ్ చెక్కనో,
మేకుల బొక్కలు పదకొండు.
మిర్యాలగూడ పాత సామాన్ల దుకాణంల
తూకానికి తెచ్చిన.

రంగు కొన్నది కాదు.
రైసుమిల్లు పొగగొట్టం
రాత్రీపగలు మా వాడకు పంచే నుసి,
ఆరేసిన దుప్పటి మీద, పెరుగు గిన్నెల,
నా బిడ్డ రాసుకునే ఎక్కాల మీద పడేది.
దాన్నే పాత ధోతిల జల్లించి
అవిసెనూనెతో నూరుత.
ఊక కాలినంక మిగిలిన నలుపు.
ఎంత కడిగినా గోళ్ల సందుల్నించి పోదు.

చెక్కింది సుక్‌దేవ్ మాంఝీని.
గయ దిక్కు మనిషి. మిల్లుల హమాలి.
రోజుకు ఎన్ని బస్తాలని అడిగితే
వేళ్లు తెరిచి, మూసి, మళ్ల తెరిచి
లెక్క తప్పి నవ్విండు.
మొదటి రోజు నేను గూడ
"ఏ బీహారీ, జర ఇటు తిరుగు" అన్న.

అన్నంక గుర్తుకొచ్చింది.
మా నాయిన కుర్మయ్య, కోస్గి అవుతలి మనిషి,
గుంపుమేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని
బొంబాయి బస్సెక్కేటోడు.
టాపు మీద తట్టలు, పారలు,
సీట్ల కింద జొన్నపిండి మూటలు.
అక్కడ ఇరవై ఏండ్లు
"ఏ కామాఠీ" అంటే పలికిండు.
ఇంటికొచ్చినంక కుర్మయ్యా అంటే
ఒక గడియ ఆలస్యంగ తిరిగేటోడు.

చెక్క మీద పోతున్న మనిషి
కాయితం మీద వస్తుంటడు.
అచ్చు పని అంటే గంతే.

నాకు మిషను లేదు.
కాయితం పరిచి, గంటె వీపుతో రుద్దుత,
మోచేయి గుంజేదాక.
పన్నెండు తీసిన. ఒకటి మిల్లు గోడకు అంటించిన.

సేటు కారు ఆపి చూసిండు.
"బాగుందమ్మా.
బస్తా మీద 'నికర బరువు' ఎందుకు?
మా బ్రాండు పేరు పెట్టు,
క్యాలెండరు కొట్టిద్దాం."

మాంఝీ చానాసేపు చూసిండు.
తర్వాత తన కుడి భుజం తట్టి చూపిండు.
బొమ్మల బస్తా ఎడమ భుజాన ఉంది.
అక్షరాలు తిప్పి చెక్కుడు యాదికుండె,
మనిషిని తిప్పుడు మరిచిన.
ఎడమ భుజాన కాయ గట్టింది
మా నాయినకు.

ఆ సంగతి అతనికి చెప్పలే.
పన్నెండోది ఇచ్చిన. ఇంకా ఆరలేదన్న.
వాన మొదలైంది,
అంగీ లోపట, బనీనుకు ఆనిచ్చి పెట్టుకొని
షెడ్డు దిక్కు ఉరికిండు.

తెల్లారి బోరింగు కాడ
బనీను పిండుతున్నడు. పోలేదు.
మసక మసకగ ఒక మనిషి.
అక్షరాలు తిరగబడ్డయి, ఎవరూ చదవలేరు.
బస్తా మాత్రం
కుడి భుజాన ఉంది.