తేలిక పని

ఫైలు విప్పంగనే
బెంచి క్లర్కు మూడుసార్లు తుమ్మిండు.
ఓదెమ్మ కొంగున ముడేసి తెచ్చిన హాజరు చిట్టీలవి,
ఎనుమాముల దారిల కోల్డ్ స్టోరేజీ లోపట
పదకొండేండ్ల మిరప ఘాటు తాగినయి.

మొగోళ్లకు ఆరువందలు,
ఆడోళ్లకు మూడువందల యాభై.
పొద్దు ఒక్కటే, షెడ్డు ఒక్కటే,
బొటనవేలి ముద్రలైతె
ఎవలివి ఎవలియో గుర్తువట్టరాదు.

యజమాని వకీలు అద్దాలు తుడుచుకొని లేచిండు.
"మగవాళ్లు బస్తాలు మోస్తారు.
మీరు కూర్చుని తొడిమలు తీస్తారు.
అది తేలిక పని. అవునా, కాదా?"

బోను కింద చెప్పులిడిచి ఎక్కింది ఓదెమ్మ,
ఇడువొద్దని నేను చెప్పినా.
"తేలికనే సారూ" అన్నది.

నా పానం జారిపోయింది.
వారం దినాలు నేర్పిన జవాబు అది కాదు.

"తేలికనే. ఒక్క కాయ ఎంత బరువుంటది?
గని పొద్దుమూకి ఇంటికి పోయినంక
మనుమరాలి కంట్ల పుసి తుడుద్దామంటె భయం.
బువ్వ చెంచతోని తింట.
చేతులు మజ్జిగల ముంచిన, నూనెల ముంచిన,
చెరువు బురదల గూడ ముంచిన.
బస్తా మోసినాయిన బస్తా దించి పోతడు సారూ.
నేను ఈ చేతులు యాడ దించాలె?"

స్టెనో వేళ్లు ఆగినయి.
"యాడ దించాలె... అట్లనే రాయాల్నా సార్?"
"అట్లనే రాయండి" అన్నడు జడ్జి,
ఆయన గూడ తుమ్మాపుకుంట.

తీర్పేం రాలే. పందొమ్మిదికి వాయిదా.
మెట్లకాడ ఓదెమ్మ జాకెట్ల నుంచి
రెండు వందనోట్లు తీసి నా చేతిల పెట్టింది.
వద్దంటె ఇనదు.
"మీ సారు నీకు ఎంతిస్తడు బిడ్డా?"

నాతోపాటే చేరిన తిరుమలేశ్‌కు పన్నెండు వేలు.
నాకు ఏడు.
"పెండ్లయితే ఎట్లనో మానేస్తవు గదా" అని
సారు నవ్విండు నాలుగేండ్ల కింద.
నేను గూడ నవ్విన.
ఆ నవ్వుకు వాయిదా లేదు, నంబరు లేదు,
ఏ చిట్టీ మీదా ముద్ర లేదు.

"మంచిగనే ఇస్తడు" అన్న ఓదెమ్మతోని.
ప్రమాణం చేయకుండ చెప్పిన మాట గదా.

నోట్లు పిడికిట్ల పట్టుకొనే
అదాలత్ చౌరస్తా దాక నడిచిన.
ఎండకు చెమట కారుతుంటె
అదే చేత్తోని కండ్లు తుడుచుకున్న.

ఇగ సూడు మంట.
రోడ్డు నడుమ
ఏమీ కనవడక నిలవడ్డ,
బస్సు హారను కొడుతనే ఉన్నది.