తొమ్మిదో వరస

మా తకీలే దీవిలో కారు లేదు, సైకిలూ లేదు.
అయినా ప్రతి మగాడి సంచిలో
ఐదు సైకిల్ చువ్వలుంటాయి,
అవతలి ఒడ్డున పాతసామాన్ల కొట్లో కొని
రాతి మీద నూరి మొన తీసినవి.
ఇక్కడ టోపీ అల్లడం మగవాడి పని.

నాకు నలభై రెండేళ్లు. నాకు రాదు.
మిగతా పిల్లలు సూదులు పట్టిన ఏడు
నేను నాన్న వెంట గనికి వెళ్లాను, రాళ్లు ఏరడానికి.
ఇప్పుడు సరస్సు మీద పడవ నడుపుతాను.
నా నెత్తిమీది టోపీ మా అన్న మకారియో అల్లింది.
ఊరందరికీ తెలుసు. ఎవరూ అనరు.
ఆ అనకపోవడమే చురుక్కుమంటుంది.

ఈ చలికాలం సిగ్గు పక్కనపెట్టి
ఎవుసేబియో తాత గోడవార ఎండలో కూర్చున్నాను.
నా పక్కన మేనల్లుడు రుఫీనో.
ఏడేళ్లు. ముందుపళ్లు లేవు.
ఇద్దరికీ ఒకటే పాఠం.

తాత చూపు మసక. బొటనవేలితో చూస్తాడు.
"ఊలు మెడ చుట్టూ వేసుకో.
కన్నులోంచి దూరు. పోగు పట్టుకో. బయటికి రా.
పాత కన్నుని వదిలెయ్.
అంతే."

అంతేనట!

నా చేతులకు లంగరు తాడు తెలుసు.
ముడి వేస్తే తుఫానొచ్చినా ఊడకూడదు.
ఇక్కడ ఒక్కటీ ముడి కాదు.
ఒకదాని భుజమ్మీద ఒకటి నిలబడ్డ ఉత్త ఉచ్చులు,
పోగు లాగితే చాలు, నెలరోజుల పని
మళ్లీ ఉండైపోతుంది.
దీన్నా నెత్తిన పెట్టుకునేది?

బిగించాను. సూది దూరలేదు.
వదిలాను. "చేపలకా ఇది?" అంది మా ఫెలిసితాస్,
కదురు తిప్పుకుంటూ, గొర్రెల్ని తోలుకుంటూ,
ఆగకుండానే.
పొద్దున అరవై కన్నులు ఎక్కించాను,
సాయంత్రానికి అరవై నాలుగు.
పోయినవి ఎక్కడికెళ్లాయో అడగొచ్చు,
వచ్చినవి ఎక్కణ్ణుంచి వచ్చాయని
ఎవర్ని అడగాలి?

తొమ్మిదో వరసలో ఒక కన్ను జారింది.
నేను చూసేసరికే
నిచ్చెనలా, మెట్టు మెట్టుగా
కిందికి దిగిపోతోంది.

గని వాకిట్లో నా పని లెక్కపెట్టడం కూడా.
నిచ్చెన దిగినవాళ్లని, ఎక్కినవాళ్లని.
ఒకనాడు దిగింది పదకొండు.
ఎక్కింది పది.
మళ్లీ లెక్కపెట్టమన్నారు.
మళ్లీ పదే.

నా చేతులు ఆగిపోయాయి.
తాత ఏమీ అడగలేదు. కొంచెం ఆకు బుగ్గన పెట్టుకున్నాడు.
రుఫీనో మాత్రం వంగి, వెతికి,
అగ్గిపుల్ల కొనతో ఎక్కడో అందుకున్నాడు.
"పోలేదు మామా, కింద నిలబడే ఉంది"
అన్నాడు. అని,
ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ
సూది మీదికి తెచ్చి కూర్చోబెట్టాడు.
నేను మెడలో ఊలు సర్దుకుంటున్నట్టు
మొహం తిప్పుకున్నాను.

బంగాళదుంపలు తవ్వేనాటికి టోపీలు పూర్తయ్యాయి.
తాత పద్ధతి ప్రకారం
తిరగేసి పట్టుకుని సరస్సు నీళ్లు పోశాడు.
రుఫీనో టోపీలో నీళ్లు నిలిచాయి.
వాడు గంతులేస్తే వాళ్లమ్మ ఒళ్లంతా తడిసింది.
నాది కారింది. చుక్క, చుక్క,
తొమ్మిదో వరస దగ్గరే.
తాత కింద అరచెయ్యి పట్టాడు,
ఆ తడి కళ్లకు రాసుకున్నాడు.
"ఇంకోటి మొదలుపెట్టు" అన్నాడు.

మొదలుపెట్టాను.
ఈలోగా పడవ మీద దీన్నే పెట్టుకుంటున్నాను.
గాలి వీచినప్పుడు ఎడమ చెవి పైన
గింజంత చోట చలేస్తుంది.
అన్న టోపీ గోడ మేకుకి తగిలించాను.
అది నీళ్లు ఆపుతుందో లేదో
ఇన్నేళ్లలో ఎప్పుడూ
పోసి చూడలేదు.