లెవెల్ పైపు

నక్కలగుట్టలో జిరాక్స్ షాపు మీది గదిలో
పదకొండు నెలలుగా నాది ఒక్కటే పని:
గీసేవాళ్లూ కట్టేవాళ్లూ
ఒకే కాగితం చూసేలా చేయడం.

కాగితమంటే కాగితం కాదు.
ఏడో రివిజన్‌లో జరిగిన మెట్ల మలుపు,
దాని చుట్టూ ఎర్ర మబ్బు గీత,
కింద ఆర్కిటెక్ట్ మైథిలి పొడి అక్షరాలు,
కరీంనగర్ నుంచి స్ట్రక్చర్ చూసే రహమతుల్లా గారి
"బీమ్ లోతు చాలదు" అన్న ఒక్క ముక్క,
ఆ ముక్కకు ఎవరూ ఇవ్వని జవాబు.
ఇవన్నీ ఒక తెరలో ఇమడాలి,
ఎండలో నిలబడి చూసినా కనబడాలి.

నా తెరలో మనుషులు మూడు రకాలు.
యజమాని. సభ్యుడు. అతిథి.
అతిథికి చూపుంటుంది, చెయ్యి ఉండదు.
మన ఇళ్లలో అతిథికి ముందు వడ్డిస్తాం,
నేను మాత్రం అరుగు మీదే కూర్చోబెట్టి
మంచినీళ్లిచ్చి పంపేలా రాశాను.
బయటివాళ్లకు ఎంత తెలవాలో అంతే,
అని మీటింగులో అన్నది నేనే.
చాయ్ చల్లారేలోపు అందరూ సరేనన్నారు.
కట్టేవాళ్లు ఒక్కరూ ఆ గదిలో లేరు.

హసన్‌పర్తిలో లైబ్రరీ లేస్తోంది.
మెట్లు ముందే లేచాయి, ఆరో రివిజన్ ప్రకారం.
పదహారు మెట్లు, అంచు తెగకుండా, నిఖార్సుగా,
తప్పు దిక్కుకు తిరిగి.

పంపాను కదా, అంది మైథిలి.
చూశాను కదా, అన్నారు రహమతుల్లా.
మంగళవారం నాలుగూ పన్నెండుకు చేరింది, అంది సర్వర్.
ఎవరూ అబద్ధమాడలేదు.
మెట్లు మాత్రం అక్కడే ఉన్నాయి.

స్కూటీ మీద భీమారం దాటి వెళ్లాను,
తిట్లకు సిద్ధపడే వెళ్లాను.
మేస్త్రీ ఓదేలు తిట్టలేదు.
"లింకు అచ్చింది మేడం.
ఒత్తితే నువ్వెవలు అని అడిగింది.
ఇరవై రెండేండ్ల సంది గోడలు లేపుతున్న,
ఏ గోడా నన్ను గట్ల అడగలే."

అని, "జర ఇది పట్టుకోన్రి" అంటూ
సన్నటి ప్లాస్టిక్ పైపు కొస నా చేతిలో పెట్టాడు.
రెండో కొస పట్టుకుని గోడ అవతలికి పోయాడు.
పోయే ముందు గోటితో టకటకా కొట్టి
నీళ్లలోంచి ఒక గాలిబుడగను బయటికి తోలాడు.
"బుడగుంటే నీళ్లు మోసం జేస్తయి."

నీళ్లు ఊగాయి. నా చేతిలో ఎక్కితే అక్కడ దిగాయి.
"మీ దిక్కు ఆగిందా?"
ఇంకా లేదు.
"ఇప్పుడు?"
ఆగింది.
"నా దిక్కూ ఆగింది. గీయున్రి."
బొగ్గు ముక్కతో గోడ మీద గీశాను.
ఇన్ని తెరలు గీసిన చెయ్యి
ఆ ఒక్క గీతకు కొంచెం వణికింది.

అతన్ని నేను చూడలేదు, నన్ను అతను చూడలేదు.
రెండు గీతలూ ఒకే ఎత్తు.
ఏ కొసన ఎవరని ఆ పైపు అడగలేదు.

ఆ రాత్రి అతిథి అన్న మాట తీసేశాను.
దాని చోట ఏం పెట్టాలో తోచలేదు.
భాగస్వామి అంటే బ్యాంకు ఫారం గుర్తొచ్చింది.
చివరికి ఏమీ పెట్టలేదు:
ఓదేలు, మేస్త్రీ. అంతే.
పాత రివిజన్లన్నీ తెరిచి పెట్టాను,
ఆరు అంకెల ప్రశ్న ఎత్తేశాను.
'చూశాను' బటన్ మీద 'ఆగింది' అని రాశాను,
ఇటూ అటూ నొక్కితేనే పచ్చబడేలా.

హైదరాబాద్ ఆఫీసు నుంచి ఫోన్:
"ఆగింది అంటే పని ఆగిందనుకుంటారండీ, మార్చండి."
మార్చలేదు. రేపు మళ్లీ అడుగుతారు.

ఎనిమిది మెట్లు పగలగొట్టారు.
ఆ కూలీ ఎవరి ఖాతాలో రాయాలో
నా సాఫ్ట్‌వేర్‌లో ఇంకా గడి లేదు.

ఇవాళ పొద్దున ఆరూ పదికి
మొదటి 'ఆగింది' వచ్చింది, ఫోటోతో సహా.
తడి సిమెంటు, బొగ్గు గీత,
మూలకు అడ్డొచ్చిన ఓదేలు బొటనవేలు.
ఇటు కొస ఇంకా పచ్చబడలేదు.
మైథిలి నిద్ర లేవాలి.